పరదేశ సేవకు బయల్దేరే కుటుంబాలకు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విదేశాల్లో సువార్త సేవకు సిద్ధపడుతున్న కుటుంబాల నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. హనుమకొండ నుంచి ఒక యువ జంట రాసిన ఉత్తరంలోనే మూడు ప్రశ్నలున్నాయి. భర్త బైబిలు కాలేజీ చదువు ముగించారు, భార్య నర్సు. ఆరేళ్ల పాప, పద్నాలుగు నెలల బాబు. కెన్యాలో కిసుము దగ్గరి సంఘం ఒకటి వాళ్లను రమ్మంటోంది. వాళ్ల ప్రశ్నలతో మొదలుపెట్టి, మిగతా పాఠకులవి ఆ వెంట ఇస్తున్నాం. ఫీజులు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే రోజున మళ్లీ ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: మూడు నెలల్లో పంపిస్తామని మా సంఘ పెద్దలు అంటున్నారు. టూరిస్టుగా వెళ్లి, అక్కడ దిగాక పర్మిట్ చేయించుకోవచ్చని ఒక అన్న చెప్పారు. నిజమేనా? దేనితో మొదలుపెట్టాలి?
(హనుమకొండ)

మూడు నెలల మాట మరిచిపోండి, ఏడాది పెట్టుకోండి. ఆ అన్న చెప్పిన దారిలో మాత్రం అస్సలు వెళ్లొద్దు. కెన్యాలో మతసంబంధమైన సేవకు, ధర్మకార్యాలకు ‘క్లాస్ ఐ’ అనే పర్మిట్ విడిగా ఉంది. దానికి దరఖాస్తు పెట్టాల్సింది అక్కడ రిజిస్టరైన సంఘం లేదా సంస్థ. భార్యకు, పిల్లలకు డిపెండెంట్ పాస్ తీసుకోవాలి. ఆ పాస్ మీద ఉండి జీతానికి పనిచేయడం కుదరదు కనుక, చెల్లెమ్మ అక్కడ నర్సుగా పనిచేయాలనుకుంటే ఆమెకు వేరే పర్మిటూ, ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ అనుమతీ కావాలి. ఆన్‌లైన్‌లో దొరికే ఈటీఏ అనేది చూసి రావడానికి ఇచ్చే అనుమతి. దాని మీద వెళ్లి సేవ చేస్తూ దొరికితే మిమ్మల్ని వెనక్కి పంపిస్తారు. అంతకన్నా బాధాకరమైన సంగతి, మిమ్మల్ని పిలిచిన సంఘానికి చెడ్డపేరు వస్తుంది, వాళ్లు తర్వాత పెట్టే దరఖాస్తులకూ చిక్కు వస్తుంది. సత్యం ప్రకటించడానికి వెళ్తూ ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర అబద్ధంతో మొదలుపెట్టడం సరికాదని మా గట్టి అభిప్రాయం.

అన్నిటికన్నా ముందు రెండు ఉత్తరాలు మీ చేతికి రావాలి. మొదటిది పిలిచిన సంఘం నుంచి. మీరు చేయబోయే పని ఏమిటి, ఎన్నేళ్లు, ఇల్లు ఎవరు చూస్తారు, పర్మిట్ ఖర్చు ఎవరిది, అక్కడ మీ మంచిచెడ్డలకు జవాబుదారీ ఎవరు అన్నవి అందులో పేర్లతో సహా ఉండాలి. రెండోది ఇక్కడ మిమ్మల్ని పంపే సంఘం నుంచి. నెలకు ఎంత, ఎవరు పంపుతారు, జబ్బు చేసినా గొడవలు జరిగినా కుటుంబాన్ని వెనక్కి తెచ్చే ఖర్చు ఎవరు భరిస్తారు అన్నది అందులో ఉండాలి. ‘దేవుడు చూసుకుంటాడు’ అని ఇద్దరూ నోటిమాటగా అన్నచోట, ఆరో నెలకల్లా ఒకరి వైపు ఒకరు చూస్తూ కూర్చుంటారు. కుటుంబాలు మధ్యలో తిరిగి రావడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. మిషన్ సంస్థ ద్వారా వెళ్తే ఈ రాతకోతలకు ఒక పద్ధతి ఉంటుంది. 1977లో ఏర్పడిన ఇండియా మిషన్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం ఉన్న సంస్థలను ముందు కలవండి.

ఉత్తరాల తర్వాత పాస్‌పోర్టులు. టీకా కార్డు మీద, పర్మిట్ దరఖాస్తు మీద రెండింటా పాస్‌పోర్టు నంబరే వేస్తారు, కాబట్టి ఇది ఆగితే అన్నీ ఆగుతాయి. వరంగల్ హెడ్ పోస్టాఫీసులోని పాస్‌పోర్టు కేంద్రంలో గానీ, కరీంనగర్ సేవా కేంద్రంలో గానీ స్లాట్ తీసుకోండి. పెద్దలకు 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు, పిల్లలకు 1000. ఎనిమిదేళ్ల లోపు వారికి అందులో పది శాతం తగ్గింపు. పిల్లల దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనుబంధం ‘డి’ జతపరచాలి. నాలుగేళ్ల లోపు బాబుకు తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో తీసిన ఫోటో వెంట తీసుకెళ్లాలి. అది లేక కౌంటర్ దగ్గరి నుంచి వెనక్కి వచ్చేవాళ్లు ఎందరో. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుందని గుర్తుంచుకోండి. అక్కడ ఉండగా ముగిసేలా ఉంటే నైరోబీలోని భారత హైకమిషన్‌లో ముందుగానే రెన్యువల్‌కు పెట్టాలి. పోలీస్ క్లియరెన్స్‌కు మాత్రం తొందరపడొద్దు. దాన్ని సాధారణంగా ఆరు నెలల లోపుదైతేనే ఒప్పుకుంటారు కనుక, అక్కడి సంఘం అడిగినప్పుడు 500 కట్టి తీసుకోండి.

ప్రశ్న: నా టెన్త్ మెమోలో ఒక పేరు, బాప్తిస్మం తర్వాత సంఘంలో పిలిచే పేరు ఇంకొకటి. పెళ్లి సర్టిఫికెట్ మా పాస్టరు గారు సంఘం పేరుతో రాసిచ్చారు. ఏం చేయాలి?
(అదే ఉత్తరం నుంచి)

మన జిల్లాల్లో మూడొంతుల చిక్కులు ఇక్కడే పుడతాయి. మెమోలో రాజయ్య, సంఘంలో జాన్ ప్రసాద్. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మెమోలో ఒట్టి పొడి అక్షరం. భార్య ఆధార్‌లో పుట్టింటి పేరు, పాప జనన ధ్రువపత్రంలో తల్లి పేరు మరోలా. మన కళ్లకు ఇవన్నీ ఒకే మనిషివి, పర్మిట్ ఆఫీసర్‌కు ఇద్దరు ముగ్గురు మనుషులవి.

పేరు మార్చుకునే పని పెట్టుకోవద్దు. గెజిట్, పేపరు ప్రకటనలు, మళ్లీ బ్యాంకు, పాన్ అంటూ ఆ తిరుగుడుకు అంతుండదు. టెన్త్ మెమోలో ఉన్న పేరునే పాస్‌పోర్టులో పెట్టండి, పొడి అక్షరాన్ని పూర్తిగా విప్పి రాయండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. పాస్‌పోర్టు దరఖాస్తులో ‘వేరే పేరుతో పిలవబడుతున్నారా’ అన్న ప్రశ్న ఉంటుంది, సంఘంలో పిలిచే పేరు అక్కడ నింపండి. ఇక సంఘం, మిషన్ సంస్థ, బైబిలు కాలేజీ ఇచ్చే ప్రతి ఉత్తరంలో ముందు పాస్‌పోర్టు పేరు, ఆ పక్కన ‘అలియాస్’ అని సంఘం పేరు రాయించుకోండి. కాలేజీ డిగ్రీ సంఘం పేరుతో ఉంటే, ఇద్దరూ ఒక్కరేనని నోటరీ దగ్గర ప్రమాణపత్రం చేయించి దానికి జతపరచండి.

పెళ్లి విషయంలో అసలు చూడాల్సింది పాస్టరు గారికి లైసెన్సు ఉందా లేదా అని. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి జరిపించే అధికారం అందరు పాస్టర్లకూ రాదు. స్వతంత్ర సంఘాల పాస్టర్లలో చాలామందికి ఆ లైసెన్సు లేదు. అది తప్పుపట్టి వాళ్ల మనసు నొప్పించాల్సిన పని లేదు. చట్టంలోనే దారి ఉంది. ప్రత్యేక వివాహ చట్టంలోని 15వ సెక్షన్ కింద, ఇప్పటికే జరిగిన పెళ్లిని సబ్‌రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకోవచ్చు. ఇద్దరికీ 21 ఏళ్లు నిండి ఉండాలి, ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా కాపురం ఉండాలి. దరఖాస్తు పెట్టాక అభ్యంతరాల కోసం 30 రోజులు నోటీసు బోర్డు మీద ఉంచుతారు, ఆ తర్వాత ముగ్గురు సాక్షులతో సంతకాలు. అంటే చేతికి రావడానికి నెలన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. పాస్‌పోర్టులో ఉన్న పేర్లే అందులోనూ వచ్చేలా చూసుకోండి.

పత్రాల మీద విదేశాంగ శాఖ ముద్ర కూడా అడుగుతారు. 2005 నుంచి మన దేశం అపోస్టిల్ (ఒక్క స్టిక్కరుతో మన పత్రాలను వేరే దేశాలు ఒప్పుకునే పద్ధతి) ఒప్పందంలో ఉంది. మీరు వెళ్లే దేశం కూడా అందులో ఉంటే ఆ స్టిక్కరుతో సరిపోతుంది, లేకపోతే ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా వేయించాలి. ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాతే విదేశాంగ శాఖది. ఇక్కడ మనవాళ్ల మంచి అలవాటే అడ్డం తిరుగుతుంది: మెమోలు, జనన ధ్రువపత్రాలు పాడవకుండా లామినేషన్ చేయిస్తారు. లామినేషన్ మీద ముద్ర పడదు, స్టిక్కరు అంటదు. వేడిచేసి ఊడదీద్దామని చూస్తే కాగితమే చిరుగుతుంది. అలాంటివి ఉంటే ఇప్పుడే బోర్డుకు, మున్సిపాలిటీకి డూప్లికేట్ కోసం దరఖాస్తు పెట్టండి. జనన ధ్రువపత్రంలో పాప పేరు రాయించకుండా వదిలేసి ఉంటే, పుట్టిన 15 ఏళ్ల లోపు చేర్పించుకునే వీలుంది. ఆ పని కూడా ఈ నెలలోనే పెట్టుకోండి.

ప్రశ్న: పిల్లలకు ఏ టీకాలు కావాలి? మలేరియా ఎక్కువంటున్నారు, భయంగా ఉంది.
(అదే ఉత్తరం నుంచి)

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి అనుకోండి. ఆ కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొచ్చిన వారిని మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. మామూలు ఆసుపత్రుల్లో ఇది వేయరు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, అసలు పాస్‌పోర్టులు తీసుకెళ్లాలి. వేసిన పదో రోజు నుంచి కార్డు చెల్లుతుంది, 2016 నుంచి జీవితాంతం చెల్లేలా మార్చారు. తొమ్మిది నెలలు నిండని పిల్లలకు సాధారణంగా వేయరు, మీ బాబుకు ఆ ఇబ్బంది లేదు. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

బాబు విషయంలో ఒక లెక్క చూసుకోండి. మీజిల్స్–రుబెల్లా రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య పడుతుంది. అదీ, ఎల్లో ఫీవరూ రెండూ బతికున్న వైరస్ టీకాలు. రెండూ ఒకే రోజు వేయించాలి, లేదంటే మధ్యలో కనీసం 28 రోజులు ఎడం ఉండాలి. వారం తేడాతో వేయిస్తే రెండోది సరిగా పనిచేయకపోవచ్చు. అంగన్‌వాడీ కార్డు తీసుకెళ్లి రెండు తేదీలూ ముందే రాయించుకోండి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా, హెపటైటిస్ ఏ టీకా కూడా వేయించండి. పల్లె సేవ కాబట్టి కుక్కకాటుకు ముందస్తు టీకా గురించి కూడా అడగండి.

మలేరియా గురించి మీ భయం సరైనదే. నైరోబీ ఎత్తు మీద ఉంది కనుక అక్కడ తక్కువ. కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది, అక్కడ ఎక్కువ. అక్కడ పుట్టి పెరిగిన పెద్దవాళ్లకు కొంత తట్టుకునే శక్తి ఉంటుంది, మన పిల్లలకు అది లేదు. దోమతెరలు మందు పట్టించినవే వాడండి, అక్కడే దొరుకుతాయి. మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా కుడుతుంది, అందుకని సాయంత్రం కూడికలకు పిల్లలకు ఒళ్లంతా కప్పే బట్టలు వేయండి. ముందుజాగ్రత్త మాత్రల్లో డాక్సీసైక్లిన్ ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. మెఫ్లోక్విన్ వారానికోసారి, ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి, కానీ ఫిట్స్ గానీ డిప్రెషన్ గానీ ఉన్నవారికి అది పనికిరాదు. ఏది, ఎన్నాళ్లు అన్నది డాక్టరు తేల్చాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: అక్కడ బిడ్డ ఒళ్లు వెచ్చబడితే పారాసిటమాల్ వేసి రేపు చూద్దామని ఆగొద్దు. అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. ఫాల్సిపారం రకం మలేరియా పసిపిల్లల్లో ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. సెలవుల మీద ఇంటికొచ్చాక జ్వరమొచ్చినా, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లినా ప్రైవేటుకు వెళ్లినా, ‘కెన్యా నుంచి వచ్చాం’ అని మొదటి మాటగా చెప్పండి. గోండు, కోయ, నాయకపోడు కుటుంబాల నుంచి వెళ్లేవారు సికిల్ సెల్ పరీక్ష, మలేరియా మందుల్లో ప్రిమాక్విన్ అవసరం పడవచ్చు గనుక జీ6పీడీ (ఆ మందు ఒంటికి పడుతుందో లేదో తెలిపే రక్తపరీక్ష) ఇక్కడే చేయించుకొని, ఫలితం కాగితం వెంట ఉంచుకోవాలి.

ఇక్కడి ఆరోగ్య బీమా అక్కడ పనిచేయదని అనుకొనే లెక్క వేయండి. ప్రయాణ బీమా పాలసీలు ఎక్కువగా 180 రోజులకే ఇస్తారు. ఆ తర్వాతికి అక్కడి పాలసీ తీసుకోవాలి, అందులో నైరోబీ దాకా తరలించే ఖర్చు ఉందా అని చదివి చూడండి.

ప్రశ్న: మా సంఘం ట్రస్టు నుంచి ఒక మిషనరీ కుటుంబానికి నెలకు 40 వేలు పంపాలని తీర్మానించాం. వారి ఇక్కడి సేవింగ్స్ ఖాతాలో వేస్తే, అక్కడ ఏటీఎంలో తీసుకుంటామంటున్నారు. ఎఫ్‌సీఆర్‌ఏ కావాలా?
(సంఘ కోశాధికారి, జనగామ)

ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం విదేశాల నుంచి ఇక్కడికి వచ్చే సొమ్ముకు. మీరు పంపేది బయటికి, అందుకు వేరే నిబంధనలున్నాయి.

వ్యక్తులు తమ సొంత డబ్బును ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బ్యాంకు ద్వారా పంపుకోవచ్చు. కానుకగా పంపడమూ అందులోకే వస్తుంది. పాన్ ఉండాలి, బ్యాంకులో ఏ2 ఫారం నింపాలి. ట్రస్టులకు ఈ సౌకర్యం లేదు. పైగా ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి లేనిదే ఆ మొత్తానికి మినహాయింపు రాదు. ఆడిట్‌లో పట్టుబడేది ఇదే. కాబట్టి తీర్మానాన్ని మార్చి, కుటుంబాలవారీగా పంపే ఏర్పాటు చేయండి. నెలనెలా పంపితే ప్రతిసారీ బ్యాంకు ఛార్జీలు, జీఎస్టీ పడతాయి. మూడు నెలలది ఒకేసారి పంపితే కలిసొస్తుంది. అందరి దగ్గరా వసూలు చేసి ఒకరి ఖాతా నుంచి పంపడం వద్దు. ఆ ఒక్కరు రేపు ఆదాయపు పన్ను శాఖకు లెక్క చెప్పుకోలేరు.

సేవింగ్స్ ఖాతా గురించి: ఉద్యోగానికో, ఎన్నాళ్లో తెలియని కాలానికో దేశం విడిచి వెళ్లినవారి ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశంలో ఉండేవారి రూపాయి ఖాతాగా) మార్చుకోవాలి. మార్చకుండా పాత ఖాతానే వాడటం ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలకు విరుద్ధం. వెళ్లే ముందే బ్యాంకుకు చెప్పి ఫారాలు తీసుకోమనండి. మీ ట్రస్టు పత్రాలు ఒకసారి సీఏ గారికి చూపించాకే మొదలుపెట్టండి. షాపు సేటుకు ఇక్కడ నగదు ఇచ్చి, అక్కడ తీసుకునే దారి ఎంత సులువుగా కనిపించినా అది హవాలా. సంఘం ఆ గడప తొక్కకూడదు.

వాగ్దానాల గురించి అడగకపోయినా ఒక మాట. కూడికలో చేయెత్తినవాళ్లలో కొందరు మూడో నెలకే ఆగిపోతారు. చెడు బుద్ధితో కాదు, పంట పోవడం వల్లో, ఇంట్లో పెళ్లి రావడం వల్లో. అందుకని మొత్తం అవసరానికి సరిపడా రాతపూర్వక వాగ్దానాలు వచ్చేదాకా టికెట్లు కొననివ్వొద్దు. ఇంటి అద్దె, అడ్వాన్సు, భాష నేర్పే టీచరు జీతం, స్కూలు ఫీజు, బీమా, పర్మిట్ రెన్యువల్ అన్నీ కలిపి నెల ఖర్చు తేల్చండి. దానికి పైన మూడు నెలల ఖర్చు, అందరి తిరుగు టికెట్ల సొమ్ము విడిగా పక్కన ఉంచండి. ఆ సొమ్మును ఎంత అవసరమొచ్చినా గుడి కప్పుకో, మైకు సెట్టుకో వాడకూడదని మినిట్స్‌లో రాసుకోండి.

ప్రశ్న: నేపాల్‌కు వీసా అక్కర్లేదు కదా. గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి సునౌలీ దగ్గర దాటి, కుటుంబంతో సేవ మొదలుపెట్టాలనుకుంటున్నాం. మా సంఘం ఇప్పటికే వీడ్కోలు ఫ్లెక్సీలు కొట్టించింది.
(మంచిర్యాల)

తమ్ముడూ, ముందు ఆ ఫ్లెక్సీలు దింపించండి, ఫేస్‌బుక్‌లో పెట్టినవీ తీయించండి.

1950 ఒప్పందం వల్ల మనవాళ్లు అక్కడ ఉండవచ్చు, వ్యాపారమో పనో చేసుకోవచ్చు, నిజమే. కానీ 2015 నాటి నేపాల్ రాజ్యాంగంలోని 26వ అధికరణ ఒకరిని వేరే మతంలోకి మార్చడాన్ని నిషేధించింది. 2018 నుంచి అమల్లో ఉన్న వారి శిక్షాస్మృతి ప్రకారం దానికి ఐదేళ్ల దాకా జైలు, 50 వేల నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష ముగిశాక దేశం నుంచి పంపించేస్తారు. మీ ఫ్లెక్సీ ఫోటో ఒక్కటి చాలు, మిమ్మల్నే కాదు, మీకు ఇల్లు అద్దెకిచ్చిన నేపాలీ విశ్వాసిని కూడా స్టేషన్‌కు పిలిపిస్తుంది. మీరు రైలెక్కి ఇంటికి రాగలరు, అతను ఎక్కడికి పోతాడు?

అక్కడ నేపాలీలే నడిపే సంఘాలు బలంగా ఉన్నాయి. వాళ్లను అడిగి, వాళ్లకు ఏది అవసరమో అది చేయడానికి వెళ్లండి. టైలరింగ్ నేర్పడం, లెక్కలు చెప్పడం, పాస్టర్ల పిల్లలకు చదువు చెప్పడం లాంటివి. ఆ దేశ చట్టానికి లోబడి బతకగలమని మనస్ఫూర్తిగా అనుకుంటేనే బయల్దేరండి. కరపత్రాలు సంచుల్లో మోసుకెళ్లడం, డబ్బులు పంచడం చేయొద్దు. విమానంలో వెళ్తే 15 నుంచి 65 ఏళ్ల మధ్య వారికి ఆధార్ చెల్లదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి.

ప్రశ్న: మా ఆయనకు పిలుపు ఉంది, నాకు ఇంకా స్పష్టం కాలేదు. అక్కడికి వెళ్లాక ఆయన బయట తిరుగుతారు, నేను పిల్లలతో నాలుగు గోడల మధ్య ఉండిపోతానని భయం. చెబితే విశ్వాసం తక్కువ అంటారేమో.
(పేరు వద్దన్న సోదరి, కరీంనగర్)

చెల్లెమ్మా, ఈ మాట ఇప్పుడు చెప్పడమే మంచిది. మీకు స్పష్టం కానంతవరకు కుటుంబం బయల్దేరకూడదు. ఈ జవాబు మీవారికీ, మీ పాస్టరు గారికీ చూపించండి. భార్యను సాక్ష్యం చెప్పమని స్టేజీ మీద నిలబెట్టే ముందు, పాస్టరమ్మ గారు ఒక్కరే కూర్చుని ఆమె మాట వినాలి. అక్కడ మీవారు లేకుండా చూసుకోండి.

మీరు భయపడుతున్నట్టు జరగడానికి పెద్ద కారణం భాష. భర్తకు మీటింగులు, మనుషులు దొరుకుతారు, మాట వస్తుంది. భార్యకు రాదు. రెండేళ్ల తర్వాత కూడా కూరగాయలు కొనడానికి భర్త తోడు కావాల్సి వస్తుంది. కాబట్టి ఒప్పందం ముందే రాసుకోండి: మొదటి 12 నెలలు ఇద్దరికీ భాషే పని. టీచరు ఇంటికే రావాలి, వారానికి ఐదు రోజులు, ఒక్కొక్కరికి రెండేసి గంటలు. మీకు పాఠం జరుగుతున్నప్పుడు పిల్లలు ఆయన దగ్గర. మొదటి నెల మాట్లాడాలని తొందరపడక వినడం మీదే ఉండండి. గిన్నె, నీళ్లు, కూర్చో, ఇటు ఇవ్వు అని టీచరు చెబుతుంటే వస్తువు చూపించడం, పని చేయడం, అంతే. రోజుకు పది పన్నెండు కొత్త మాటలు చాలు. పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేసి వంట చేస్తూ వినండి. సాయంత్రం ఆ మాటలతోనే అంగడికి వెళ్లి ఒక్క వస్తువైనా కొనండి. రెండు భాషలు ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఉదాహరణకు కిసుము పల్లెల్లో లువో మాట్లాడతారు, దేశమంతా స్వాహిలీ. ఏది ముందో పిలిచిన సంఘాన్ని అడగాలి. స్వాహిలీలో గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్కిస్తారని కూడా తెలుసుకోవాలి. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట. ఇది తెలియక కూడికల వేళలు తారుమారవుతాయి.

పంపే సంఘాలకు ఒక విన్నపం. మొదటి ఏడాది ‘ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు’ అని రిపోర్టు అడగొద్దు. మన డోర్నకల్‌నే చూడండి. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో మిషనరీ సొసైటీ పెట్టుకొని తమ వాళ్లను ఇక్కడికి పంపారు. తమిళుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని మనవాళ్ల మధ్య స్థిరపడ్డారు. 1912లో బిషప్ అయ్యాక కూడా ఇక్కడే ఉండి, 1945లో కన్నుమూసేదాకా సేవ చేశారు. భాష కోసం ఆగిన కాలం వృథా పోలేదని ఈ జిల్లాల సంఘాలే సాక్ష్యం.

మరొకటి. వారానికి ఒక రోజు, ఒకే సమయానికి, ఇక్కడి నుంచి ఒక సోదరి మీకు ఫోన్ చేసేలా పెట్టుకోండి. ప్రార్థన అంశాల కోసం కాదు, మీతో మాట్లాడటానికి. ఎవరు, ఏ రోజు అన్నది వెళ్లక ముందే తేలాలి.

ప్రశ్న: బాబు ఎనిమిది, పాప నాలుగో తరగతి. వాళ్ల చదువు దెబ్బతింటుందా?
(గోదావరిఖని)

పాపకు పెద్ద ఇబ్బంది ఉండదు. బాబు విషయం బాగా ఆలోచించండి. ఎనిమిది నుంచి పది వరకు మధ్యలో కదిలించడం అన్నిటికన్నా కష్టం. కెన్యా లాంటి చోట చదువుల ఏడాది జనవరిలో మొదలవుతుంది, జూన్‌లో వెళ్తే ఆర్నెల్లు వెనకో ముందో పడతారు. ఇక్కడి సర్టిఫికెట్టే కావాలంటే ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా పది రాయించవచ్చు, 14 ఏళ్లు నిండాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. తెలంగాణలో మెడికల్ సీట్ల కన్వీనర్ కోటాలో లోకల్‌గా లెక్కకు రావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదవాలని 2024లో నిబంధన తెచ్చారు. 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బాబుకు డాక్టర్ కావాలని ఉంటే ఇది తెలిసే నిర్ణయించుకోండి, రేపు పిల్లవాడు ‘మీ సేవ వల్లే’ అనకుండా. అవసరమైతే నాలుగేళ్లు ఆగి వెళ్లండి. ఆగినంత మాత్రాన పిలుపు పోదు.

పాపకు వెళ్లేలోపు తెలుగు చదవడం, రాయడం వచ్చేయాలి. రెండు మూడు తరగతుల తెలుగు వాచకాలు పెట్టెలో పెట్టుకోండి. టీసీ, మార్కుల కాగితాలు డీఈఓ సంతకంతో తీసుకోండి.

ప్రశ్న: నాకు ఒక్కడే కొడుకు. కోడలు, మనుమలతో ఆఫ్రికా పోతానంటున్నడు. దేవుని పని కాదనలేను. నాకు, మా ఇంటామెకు ఎవరు దిక్కు?
(ఒక తండ్రి, నర్సంపేట)

అన్నా, మీ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మీ కొడుకు కదలకూడదు. తల్లిదండ్రులను సన్మానించమన్నది కూడా దేవుని ఆజ్ఞే. పంపే సంఘం మిమ్మల్ని కూడా తన లెక్కలోకి తీసుకోవాలి.

కొడుకు వెళ్లేలోపు ఈ పనులు చేయించుకోండి. మీ ఊళ్లో ఉండే ఒక మనిషి పేరు ఖాయం చేయాలి. రాత్రిపూట గుండెలో నొప్పి వస్తే బండి కట్టించి వరంగల్ తీసుకెళ్లే మనిషి. అతని దగ్గర మీ ఆధార్, ఆరోగ్యశ్రీ వివరాలు, వేసుకునే మందుల పేర్లు, కొంత నగదు ఉండాలి. ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెరిగింది, మీ పేర్లు కార్డులో ఉన్నాయో లేదో చూసుకోండి. మీ బ్యాంకు ఖాతాలకు నామినీ రాయించండి.

భూమి, ఇల్లు కొడుకు పేర ఉంటే, ఎవరికి అధికారం ఇస్తాడో ఇక్కడే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికార పత్రం) రిజిస్టర్ చేయించి వెళ్లాలి. అది మరిచి వెళ్తే, అక్కడి భారత హైకమిషన్ ముందు సంతకం పెట్టి పంపాలి, కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు కట్టించాలి. గడువు దాటితే పెనాల్టీ. జీపీఏలో అమ్మే అధికారం అవసరం లేకపోతే రాయించొద్దు, కౌలు, పాస్‌బుక్కు పనులు, బ్యాంకు పనులు అని విడివిడిగా రాయించండి. రెండేళ్లకోసారైనా ఇంటికి రావడానికి టికెట్ల ఖర్చు సేవ బడ్జెట్‌లోనే ఉండాలని సంఘ పెద్దలను అడగండి. అడగడానికి మీకు పూర్తి హక్కుంది.

క్లుప్తంగా

మిక్సీ, కుక్కర్ తీసుకెళ్లాలా? (పరకాల) కుక్కర్ తీసుకెళ్లండి, రెండు గ్యాస్కెట్లు, సేఫ్టీ వాల్వులు అదనంగా. కెన్యాలో కరెంటు 240 వోల్టులు, మన మిక్సీ నడుస్తుంది. ప్లగ్గు మాత్రం మూడు చదరపు కాళ్లది, మార్చుకునే అడాప్టర్లు నాలుగు కొనుక్కోండి.

తొక్కులు, పొడులు? (భూపాలపల్లి) నూనె కారేవి చేతి సంచిలో పెట్టొద్దు. పెద్ద పెట్టెలో గట్టి డబ్బాల్లో, మూతకు టేపు చుట్టి పెట్టండి. విత్తనాలు, మొక్కలు వద్దు. 2017 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, సామాను సర్దేటప్పుడు కవర్లు తీసేసి గుడ్డ సంచులు వాడండి. అక్కడి మక్కపిండి ఉగాలి మన మక్క గటక లాంటిదే, పిల్లలకు ఇప్పటి నుంచే గటక అలవాటు చేస్తే తిండికి బెంగ ఉండదు.

చేతిలో ఎంత డబ్బు ఉంచుకోవచ్చు? (హుజూరాబాద్) విదేశీ నోట్లు మనిషికి 3000 డాలర్ల విలువ దాకా, మిగతాది ఫారెక్స్ కార్డులో. మన రూపాయలు 25 వేలు మించకూడదు. కొన్న రసీదు పారేయకండి.

బండి నడపొచ్చా? (తొర్రూరు) ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. కెన్యాలోనూ ఎడమ వైపే నడపాలి. ఏడాది దాటాక అక్కడి లైసెన్సు తీసుకోవాలి.